ఫ్లష్ సరిగ్గా రావట్లేదా? ముందు బకెట్‌తో నీళ్లు పోసి చూడండి

విశాఖలో బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఒకరు, కమోడ్ ఫ్లష్‌లో జోరు తగ్గింది, ఏం చేయాలని అడిగారు. లోపం ట్యాంకులోనా, పైపులోనా అన్నది ముందు తేల్చుకోండి. 7-8 లీటర్ల నీళ్లు బకెట్‌తో కమోడ్‌లో ఒక్కసారిగా గుమ్మరించండి. నీళ్లు పైకి లేచి మెల్లగా దిగితే పైపులో అడ్డం ఉంది, ప్లంజర్ (రబ్బరు కప్పున్న కర్ర) వాడాలి. గుడగుడమని దిగిపోతే లోపం ట్యాంకు వైపే.

ట్యాంకు మూత తీయండి. లోపల నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీళ్లను కమోడ్‌లోకి పంపేది) అంచుకు 2-3 సెంటీమీటర్ల కిందిదాకా నీళ్లుండాలి. తగ్గితే ఫ్లోట్ (నీళ్లపై తేలే బుడ్డి) స్క్రూ తిప్పి మట్టం పెంచండి.

మట్టం సరిగ్గానే ఉందా? అయితే ఉప్పు గారను అనుమానించండి. బోరు నీళ్లు వాడేచోట ఎక్కువగా ఇదే కారణం. కమోడ్ అంచు కింద చిన్న అద్దం పెట్టి చూస్తే, రంధ్రాలు తెల్లగా, గరుకుగా పూడిపోయి కనిపిస్తాయి. రాత్రి పడుకునేముందు అర లీటరు గోరువెచ్చని వెనిగర్‌ను ఓవర్‌ఫ్లో గొట్టంలో పోయండి. అది నేరుగా ఆ రంధ్రాల్లోకే వెళ్తుంది. తెల్లారాక ఒక్కో రంధ్రాన్నీ ప్లాస్టిక్ తొడుగున్న విడి కరెంటు తీగ ముక్కతో పొడిచి ఫ్లష్ చేయండి. గార మందంగా ఉంటే రెండు మూడు రాత్రులు పడుతుంది.

ట్యాంకులో మాత్రం యాసిడ్ పోయకండి, రబ్బరు వాషర్లు పాడవుతాయి. యాసిడ్ గానీ వెనిగర్ గానీ బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది, జాగ్రత్త.