అర్జీకి తూటా జవాబైనప్పుడు

విప్లవాలు ఎందుకు వస్తాయి, బలప్రయోగంతో పాలకులను దించడం ఎప్పుడైనా న్యాయమవుతుందా అని అడిగారు. హనుమకొండలో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం బోధించినవాణ్ని కనుక రాజకీయ, సామాజిక, ఆర్థిక కారణాలంటూ మూడు శీర్షికల కింద పది మార్కుల జవాబు రాయగలను. గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్ నిండా ఉన్నది ఆ జవాబే. దాని మీద నాకు నమ్మకం లేదు. ఆకలి ఒక్కటే కారణమైతే కరువు వచ్చిన ప్రతి ఏడూ రాజ్యం తలకిందులు కావాలి.

మా సొంత ఊరు పాలకుర్తికి దగ్గర. 1974 వేసవిలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా తాతతో కలిసి అంగడికి బయలుదేరాను. గడి (దొర కోటలాంటి ఇల్లు) ముందుకు రాగానే తాత ఆగి, కిర్రుచెప్పులు విడిచి, దుమ్ము దులిపి చంకలో పెట్టుకున్నాడు. నేల పెనంలా కాలుతున్నది. ఆ గడిలో అప్పటికి ఎవరూ లేరు; దొర కుటుంబం ఎప్పుడో హైదరాబాదు చేరింది, గేటుకు వేసిన తాళం తుప్పు పట్టింది. మలుపు దాటాక తాత మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. "ఎవ్వరు లేరు గద తాతా, ఎందుకు ఇడిసినవ్?" అని అడిగితే, "కాళ్లకు అలవాటైంది బిడ్డా" అన్నాడు. విచిత్రమేమిటంటే, ఆ కాళ్లే 1946లో, నిజాం కాలపు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో, సంఘం (ఆంధ్ర మహాసభ) జెండా వెంట నడిచాయి. ఆ చేతులే ఆ గడి మీదికి వడిసెల రాళ్లు విసిరాయి.

మరి అంతగా అణగిన మనిషిని కదిలించిందేమిటి? వెట్టి (కూలి ఇవ్వని చాకిరి), లెవీ ధాన్యం (సర్కారు బలవంతంగా వసూలు చేసే ధాన్యం), నాగులు (అధిక వడ్డీ ధాన్యపు అప్పులు), అక్రమ బేదఖళ్లు (భూమి నుంచి వెళ్లగొట్టడాలు) అన్నీ నిజమే, కానీ అవి తరాలుగా ఉన్నవే. తాత మాటల్లో పదేపదే వచ్చిన పేరు బందగీది. కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ, 40 వేల ఎకరాల ఆసామి అయిన విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడి గెలిచాడు. గెలిచినందుకే అతన్ని నరికి చంపారు. చట్టం చెప్పిన దారిలోనే నడిచినవాడికి పట్టిన గతిని జనం చూశారు. అయిదారేళ్లు తిరిగేసరికి, 1946 జూలై 4న, కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమురయ్యను బలిగొన్నప్పుడు, ఇంక ఎవరికి అర్జీ పెట్టుకోవాలన్న ప్రశ్నే మిగలలేదు.

రష్యాలోనూ ఇదే వరస. 1905 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ కార్మికులు జారు చక్రవర్తి చిత్రపటాలు పట్టుకుని, ఆయనకు విన్నపం ఇవ్వడానికే వెళ్లారు, సైనికులు కాల్చారు. పన్నెండేళ్లకు జారు గద్దె దిగాడు. ఫ్రాన్సులో 1789లో రాజే ఊరూరి ఫిర్యాదులను పుస్తకాల్లో రాయించి తెప్పించుకున్నాడు; అవి తీరకముందే ఆ ఏడే విప్లవం వచ్చింది. ఆశ పెట్టి, తీర్చకపోవడం అసలు ఆశ పెట్టకపోవడం కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం.

కాబట్టి న్యాయాన్యాయాల విషయంలో నా కొలత ఒక్కటే: వినతి, వ్యాజ్యం, ఓటు అన్న దారులన్నీ నిజంగా మూసుకుపోయాయా లేదా? ఈ కొలతతో చూస్తే నిజాం పాలనపై, దొరలపై ఎత్తిన ఆయుధం న్యాయమైనదేనని ఏ సంకోచమూ లేకుండా చెబుతాను. ఏటా సెప్టెంబరు 17 (1948లో నిజాం రాజ్యం భారత్‌కు లొంగిన రోజు) రాగానే అది విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని జెండాల దగ్గర తగవులాడుకునే నాయకులలో బందగీ సమాధి ఎక్కడుందో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

చిక్కంతా 1948 సెప్టెంబరు తర్వాతి కాలంతోనే. భారత సైన్యం వచ్చాక పోరాటంలో ఉన్నవాళ్లు తుపాకులు దించాలా వద్దా అన్న విషయంలో మా ఇల్లే రెండుగా చీలింది. నిజాం పోయాడు, ఎన్నికలు వస్తాయి, ఇంకెవరితో యుద్ధమని చిన్నతాత వాదించేవాడు. సైన్యం వెనకాలే దొరలు ఊళ్లకు తిరిగొచ్చి, పోరాటంలో పేదలకు పంచిన భూములను గుంజుకుంటుంటే ఎట్లా దించుతామని తాత కోపగించేవాడు. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించాక కూడా అన్నదమ్ములిద్దరూ చాలాకాలం ఒక బంతిన కూర్చుని తినలేదు. నా కొలత ప్రకారం నేను చిన్నతాత పక్షానే నిలబడాలి, నిలబడతాను కూడా. తాత బతికి ఉంటే ఈ జవాబు చదివించుకుని నాతో మాట్లాడటం మానేసేవాడు.