ఏడో తరగతి అమ్మాయి లెక్కల్లో వెనకబడింది, ఇంట్లోనే సరిచేయొచ్చా?

ఏడో తరగతి చదివే మీ అమ్మాయి లెక్కల్లో బాగా వెనకబడిందని, ట్యూషన్ లేకుండా ఇంట్లో మీరే చెప్పుకోగలరా అని అడిగారు. చెప్పుకోవచ్చండీ. మా అబ్బాయికి నేనే చెప్పుకున్నాను. నాది బి.కాం., అది కూడా ఎప్పుడో అటకెక్కిన బి.కాం. కాకపోతే ఏడో తరగతి పుస్తకమే ముందేసుకుని కూర్చుంటే ఏడాది గడిచినా బండి కదలదు.

మాది ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో. 2020 మార్చిలో బడులు మూసేసేటప్పటికి వాడు మూడో తరగతి. ఇక్కడ 1 నుంచి 5 తరగతులకు మళ్ళీ బడులు తెరిచింది 2021 అక్టోబర్ 25న. భాగహారం గట్టిపడాల్సిన, భిన్నాలు మొదలవ్వాల్సిన కాలమంతా ఫోన్ ముందే గడిచిపోయింది. ఆన్‌లైన్ పరీక్షల్లో మార్కులు మాత్రం బాగా వచ్చేవి, పక్కన కూర్చుని జవాబులు అందించింది నేనే కాబట్టి. ఆ పాపం 2023లో పండింది. ఏడో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో 40కి 11.

అందరిలాగే ముందు ట్యూషన్‌కి పంపాను. ఆవిడ ఓపికగానే చెప్పేవారు, కానీ బళ్ళో ఏ పాఠం నడుస్తుంటే అదే మళ్ళీ చెప్పేవారు. రెండు నెలలు చూసి మానిపించాను.

ఒక ఆదివారం నాలుగు, ఐదు తరగతుల లెక్కలు పన్నెండు రాసిచ్చాను. మార్కులు వేయను, ఎలా చేస్తున్నావో నోటితో చెప్తూ చెయ్యి అన్నాను. మీరూ ముందు ఇది చేయండి. ఎక్కడ తెగిందో గంటలో తెలిసిపోతుంది. 618ని 6తో భాగించమంటే మావాడు 13 అన్నాడు. మధ్యలో సున్నా రావాలని తట్టనే లేదు. 1/2కి 1/3 కలిపితే 2/5 అన్నాడు. పైవి పైవి, కిందవి కిందవి కూడేశాడు. ఇవి రాని పిల్లాడికి బీజగణితం ఎన్నిసార్లు చెప్తే మాత్రం ఏం ఎక్కుతుంది?

తప్పు అని కొట్టేయకుండా, "సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేంట్రా?" అని అడిగాను. చాలాసేపు చూశాడు. చదరాల నోట్‌బుక్‌లో 12 గళ్ళ పట్టీ గీయించాను. అందులో సగం 6 గళ్ళు, మూడో వంతు 4, రెండూ కలిపి 10. అంటే 10/12, చిన్నది చేస్తే 5/6. హారాలు ఎందుకు సమానం చేయాలో ఆ పట్టీ చెప్పినంత బాగా నేను చెప్పలేకపోయేదాన్ని. ఒక వారమంతా పట్టీలే గీశాం. 618 సంగతీ అంతే, ముందు ఉజ్జాయింపు చెప్పించాను. 6ని 100తో గుణిస్తేనే 600 కదా, మరి జవాబు 100 దాటాలి కదా అని అడిగితే 13 దగ్గర వాడే నవ్వాడు.

వంటింట్లోనూ కొంత నడిచింది. మా ఇంట్లో ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ముప్పావు గ్లాసు పప్పే ఉంటే రవ్వ ఎంత? అర లీటరు పాల ప్యాకెట్ ముగ్గురికి సమానంగా పోస్తే ఒక్కొక్కరికి లీటరులో ఎన్నో వంతు? రుణసంఖ్యలకి మా అపార్ట్‌మెంట్ లిఫ్టు, రెండు బేస్‌మెంట్లున్నాయి మరి. అయితే కబుర్లతోనే లెక్కలు రావు, చేత్తో రాయాల్సిందే.

ఎక్కాలు తెలుగులోనే చెప్పించాను. "సెవెన్ ఎయిట్స్" దగ్గర ఆగిపోయేవాడు "ఏడెనిమిదులు యాభై ఆరు" పాటలా పట్టేశాడు. బళ్ళో ఇంగ్లీషు, బయట కన్నడ, ఎక్కాలు తెలుగు. ఏం కాలేదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో రోజుకి గంటన్నర కూర్చోబెట్టాను. నాలుగో రోజుకల్లా కడుపునొప్పి మొదలైంది. తర్వాత 25 నిమిషాలకి తగ్గించాను, ఆదివారం సెలవు. నాకు కోపం వచ్చిన రోజు పుస్తకం మూసేసేవాళ్ళం. అలాంటి రోజులు తక్కువేం కాదు.

పుస్తకాలకి పెద్ద ఖర్చు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఖాన్ అకాడమీ వీడియోలూ ఉచితమే, కానీ వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, కాబట్టి చూశాక మూడు లెక్కలు కాగితం మీద చేయించండి.

మీ అమ్మాయికి వచ్చే పరీక్షలో మార్కులు పెరుగుతాయని మాత్రం అనుకోకండి. మావాడికి ఏడు నెలలు పట్టింది. ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరానికి 40కి 27 వచ్చాయి. ఇంకో మాట, ఐదో తరగతి పుస్తకం స్నేహితుల కళ్ళబడితే పిల్లలకి తలకొట్టేసినట్టుంటుంది. మేం దానికి అట్ట వేసి, పైన పేరు రాయకుండా వదిలేశాం.