పాత మస్టాంగ్ కన్వర్టిబుల్‌కి కొత్త ఇంజిన్, కొత్త బ్రేకులు వేయిస్తే విలువ పోతుందా?

మీ ప్రశ్న చదివాను. డెట్రాయిట్ దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఓపెన్ టాప్ ఒకటి బేరంలో ఉంది, కొని దాంట్లో ఇప్పటి ఇంజిన్, ఇప్పటి బ్రేకులు వేయించాలనుంది, అలా చేస్తే రేపు అమ్మేటప్పుడు విలువ పడిపోతుందా అని అడిగారు. సరిగ్గా ఆ సంవత్సరం కారే నా దగ్గర ఏడేళ్ళుగా ఉంది. విలువ సంగతి చివర్లో చెప్తాను. ముందు బ్రేకుల సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ కార్ల గురించి మాట్లాడే మనవాళ్ళందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

నేను కొన్న ఏడాది ఆగస్టు. ఇక్కడ ఆగస్టు మూడో శనివారం ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండగ జరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది. 1995లో మొదలైంది. పేరుకి ఒక్క రోజు గానీ ఆ వారమంతా పాత కార్లు ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద తిరుగుతూనే ఉంటాయి. గురువారం సాయంత్రం టాప్ దించి నేను, మా ఆవిడ, వెనక సీట్లో మా అమ్మాయి బయల్దేరాం. దానికి అప్పుడు పదకొండేళ్ళు. రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్ళు చేతులూపుతుంటే అదీ ఊపుతోంది.

13 మైల్ రోడ్డు దగ్గరకొస్తుండగా ఎర్ర లైటు పడింది. గంటకి 40 మైళ్ళ మీద ఉన్నాం. బ్రేకు తొక్కాను. పెడల్ కొంచెం దిగి ఎక్కడో ఒకచోట గట్టిగా ఆనాలి కదా, ఆ ఆనడం లేదు. నానిన అటుకుల్లో అడుగేసినట్టు మెత్తగా దిగిపోయి ఫ్లోర్‌కి తగిలింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ అదే. ఎదురుగా లైటు దగ్గర ఒక మినీవ్యాన్ ఆగి ఉంది. దాని వెనక అద్దం మీద అంటించిన పిల్లల స్కూలు స్టిక్కర్ నాకిప్పటికీ గుర్తే.

ఉడ్‌వర్డ్ మధ్యలో వెడల్పాటి గడ్డి మీడియన్ ఉంటుంది. అక్కడక్కడా యూటర్న్ కోసం ఎడమ పక్కన చిన్న లేన్ చీలుతుంది. మేము ఎడమ చివరి లేన్‌లో ఉండటం, ఆ యూటర్న్ లేన్ ఖాళీగా ఉండటం మా అదృష్టం. స్టీరింగ్ అటు తిప్పి, గేరు అన్నిటికన్నా కిందిదైన ఎల్‌లోకి లాగేసి, డాష్‌బోర్డు కింద ఎడమచేతి వైపు ఉండే టీ ఆకారపు హ్యాండ్ బ్రేకు పిడిని ఉన్న బలమంతా పెట్టి లాగాను. వెనక టైర్లు కీచుమన్నాయి. బండి పక్కకి ఈడ్చుకుంటూ వెళ్ళి మలుపులో ఆగింది. మా అమ్మాయికి ఉన్నది నడుము బెల్టు ఒక్కటే. అది మధ్యకి మడిచినట్టు ముందుకి వంగి, నుదురు ముందు సీటు వెనక భాగానికి కొట్టుకుంది. బొప్పి కట్టింది, ఇంకేం కాలేదు. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

దిగి వంగి చూస్తే ముందు కుడి చక్రం లోపలి నుంచి బ్రేకు ఆయిల్ టైరు మీదుగా కారుతోంది. చక్రం దగ్గరకి వెళ్ళే రబ్బరు పైపు పగిలింది. దాన్ని తర్వాత విప్పి చేత్తో వంచి చూశాను. నిటారుగా పట్టుకుంటే నల్లగా నిగనిగలాడుతోంది, వంచితే ఎండిన చెరువులా ఒళ్ళంతా పగుళ్ళు. నాకు అమ్మినాయన బండికి అద్దంలా మెరిసే రంగు వేయించాడు, సీట్లు కొత్తవి కుట్టించాడు, ఈ పైపులు మాత్రం ముట్టుకోలేదు.

ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఎందుకు పోవాలి? పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది మాస్టర్ సిలిండర్. 1966 దాకా మస్టాంగ్‌లో దానికి ఒకటే గది. ముందు చక్రాలకైనా వెనక చక్రాలకైనా అందులోంచే ఆయిల్ వెళ్ళాలి. ఎక్కడ కారినా మొత్తం ఖాళీ. 1967 మోడల్ నుంచి ముందుకీ వెనక్కీ వేరు వేరు గదులున్న సిలిండర్ పెట్టారు. అలాంటి దాన్ని 66లో బిగించడం పెద్ద పని కాదు. నేను దాంతోపాటు పైపులన్నీ మార్పించి, ముందు చక్రాలకి డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించాను. "అయ్యో, ఒరిజినల్ పాడుచేశావే" అని ఒక పెద్దమనిషి నా ఎదుటే బాధపడ్డాడు. ఆయన తన కారుని ట్రెయిలర్ మీద ఎక్కించి షోకి తెచ్చి, షో కాగానే ట్రెయిలర్ మీదే తీసుకుపోతాడు. నేను పిల్లని ఎక్కించుకుని రోడ్డు మీద తిరుగుతాను. ఇద్దరికీ ఒకే నియమం ఎలా కుదురుతుంది?

బ్రేకుల తర్వాత బాడీ. కన్వర్టిబుల్‌కి పైకప్పు ఉండదు కాబట్టి బలమంతా ఫ్లోర్‌లోనూ, తలుపుల కింద ఉండే పెట్టెల్లాంటి భాగాల్లోనూ ఉంటుంది. ఫోర్డ్ అక్కడ ఫ్యాక్టరీలోనే అదనపు రేకులు వేసింది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసేది సరిగ్గా అక్కడే. నా కారు ఫ్లోర్ మార్చడానికి మొదట ఇచ్చిన షాపువాళ్ళు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనప కమ్మీలు వెల్డ్ చేయకుండానే పాత ఫ్లోర్ కోసేశారు. బాడీ మధ్యలో కుంగింది. కొత్త ఫ్లోర్ ఆ వంకర మీదే అతికించారు. ఇంటికి తెచ్చాక చూస్తే డ్రైవర్ తలుపు పైన వెనక రేకుకి రాసుకుంటోంది, కింద చిటికెన వేలు దూరేంత సందు. ఆ పనంతా విప్పించి వేరేచోట మళ్ళీ చేయించడానికి ఒక చలికాలం, ఇంజిన్ కోసం దాచిన డబ్బు రెండూ పోయాయి. ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మీరు చూసిన కారు దగ్గరకి వెళ్ళేటప్పుడు ఒక చెంబు నీళ్ళు పట్టుకెళ్ళండి. ముందు అద్దం కింద గాలి కోసం పెట్టిన సన్నటి చీలికలుంటాయి. అందులో నీళ్ళు పోసి, లోపల కాళ్ళు పెట్టుకునేచోట టార్చి వేసి చూడండి. చుక్క పడిందంటే లోపలి రేకు తుప్పుపట్టిందన్నమాట. తర్వాత ముందు చక్రం వెనకాల జాకీ పెట్టి లేపి, ఆ తలుపు తెరిచి మూయండి. పట్టేస్తుంటే బేరం వదిలేయండి. ఎంత తగ్గించినా వద్దు.

ఇక ఇంజిన్. ఇప్పటి మస్టాంగ్‌లో వచ్చే 5 లీటర్ల కొయొటీ ఇంజిన్ వేయిస్తానని చాలామంది ఉబలాటపడతారు. 2011లో వచ్చినప్పుడే దాని బలం 412 హార్స్‌పవర్. మీరు చూసినదాంట్లో మామూలు 289 వీ8 (289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఉంటే దానికి చెప్పే లెక్క 200, అదీ ఆ రోజుల్లో ఇంజిన్‌ని విడిగా బల్ల మీద పెట్టి కొలిచిన లెక్క. కొయొటీకి వాల్వులని తెరిచే క్యామ్‌షాఫ్టులు నాలుగూ పైనే ఉంటాయి కాబట్టి వెడల్పు చాలా ఎక్కువ. అది పట్టాలంటే ముందు స్ప్రింగులు కూర్చునే టవర్లని కోసేయాలి. పైకప్పు లేని, అరవై ఏళ్ళ నాటి బాడీలో ఉన్న కాస్త బలాన్ని కూడా కోసి, రెట్టింపు శక్తి పెట్టడం నాకు మింగుడుపడదు.

నేను 289నే ఉంచాను. కార్బురేటర్ తీసేసి అదే చోట కూర్చునే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాను. పైన పాత గుండ్రటి ఎయిర్ క్లీనర్ మూత పెడితే తేడా తెలియదు. ఏప్రిల్ చలిలో చోక్‌తో కుస్తీ పట్టే పని పోయింది, తాళం తిప్పగానే అందుకుంటుంది. మూడు గేర్ల ఆటోమేటిక్ బదులు చేత్తో మార్చుకునే ఐదు గేర్ల టీ5 గేర్‌బాక్సు వేయించాను. హైవే మీద 70 మైళ్ళ దగ్గర నిమిషానికి సుమారు 2,800 సార్లు తిరిగే ఇంజిన్ ఇప్పుడు 1,900 దగ్గర నిదానంగా తిరుగుతుంది, పక్కవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. 20 అంగుళాల చక్రాలు, తలుపుల నిండా స్పీకర్లు మాత్రం పెట్టించకండి. అంత చక్కటి బండికి ఆ చక్రాలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

భుజం బెల్టులు కూడా పెట్టించాను. కన్వర్టిబుల్‌లో పైన బిగించడానికి స్తంభం ఉండదు కాబట్టి వెనక సీటు పక్క గోడల్లో రేకు బలపరిచి బిగించాలి. ఆ పనికి ఎంత అడిగినా ఇచ్చేయండి.

విలువ గురించి. కారు నంబరులో (నంబరు ప్లేటు కాదు, ఫ్యాక్టరీలో కొట్టిన నంబరు) మూడు, నాలుగు స్థానాలు చూడండి. 08 ఉంటే ఫ్యాక్టరీ నుంచి కన్వర్టిబుల్‌గా వచ్చింది. 07 అయితే అది కూపే, పైకప్పు ఎవరో కోశారు, కింద ఆ అదనపు రేకులు ఉండవు. ఐదో స్థానంలో ఉండేది ఇంజిన్ అక్షరం. అది 'కె' అయితే 271 హార్స్‌పవర్ ఇంజిన్‌తో వచ్చిన అరుదైన కారు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి, తీసిన ప్రతి నట్టూ డబ్బాలో దాచండి. మామూలు 289కి ఉండే 'సి' గానీ, ఆరు సిలిండర్ల 'టి' గానీ అయితే సంకోచం అక్కర్లేదు. 1966 ఒక్క ఏడాదే ఫోర్డ్ 72 వేలకు పైగా కన్వర్టిబుల్స్ చేసింది, మీరు డిస్కులు వేయించినంత మాత్రాన కొనేవాడు వెనక్కి పోడు.

ఆ నంబరు ముందు రెక్క (ఫెండర్) లోపలి రేకు మీద కూడా కొట్టి ఉంటుంది. తలుపు మీద ప్లేటుతో సరిపోల్చుకుని, ఆ ఐదో అక్షరం ఏమిటో కింద రాయండి.