ఓనరు మీద తోసిన తప్పు

ప్రశ్న: మస్కట్‌లో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడు మా ఊళ్లో ఇంటిస్థలం అడ్వాన్సుకి ఆరు లక్షలు నాకు పంపాడు. అవి నా అప్పుకి కట్టేశాను. నాలుగు నెలలకి సర్దేసరికి స్థలం వేరేవాళ్లు కొనేశారు. ‘ఓనరు మాట తప్పాడ్రా’ అని డబ్బు తిరిగి పంపించేశాను. మొన్న ‘ఫ్లెష్ అండ్ ది డెవిల్’ అనే మూకీ సినిమా చూసినప్పటి నుంచీ నిద్ర లేదు. సంక్రాంతికి వాడొస్తున్నాడు. చెప్పమంటారా?

జవాబు: చెప్పండి. 1926లో తీసిన ఆ సినిమాలో లియో ఒకావిడ భర్తను ద్వంద్వయుద్ధంలో చంపుతాడు. ఆమెను చూసుకోమని ప్రాణమిత్రుడు ఉల్రిచ్‌కి అప్పజెప్పి ఆఫ్రికా వెళ్తాడు. ఆమెతో తనకున్న సంబంధం ఒక్కటీ చెప్పడు. ఉల్రిచ్ ఆమెనే పెళ్లి చేసుకుంటాడు. చివరికి ఆమె మంచు పగిలి నీళ్లలో మునిగిపోతుంది, మిత్రులిద్దరూ కౌగిలించుకుంటారు. తప్పంతా ఆవిడతోపాటే మునిగిపోయినట్టు! మీరు ఓనరు నెత్తిన పెట్టిందీ అలాంటిదే. డబ్బు చేరిపోయింది. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ అబద్ధం.

భోగినాడు, చుట్టాల మధ్య, మందు దగ్గర వద్దు. కనుమ వెళ్లాక, అతని ప్రయాణానికి కనీసం మూడు రోజుల ముందు, ఇద్దరే కూర్చోండి. వాట్సాప్‌లో అసలొద్దు. మీ ఇంటావిడకి తెలియకపోతే ముందురోజే చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి.

మొదటి మాటే ఇది: “ఓనరు మాట తప్పలేదు. నీ ఆరు లక్షలు నేను వాడుకున్నాను. నీకు అబద్ధం చెప్పాను.” అక్కడ ఆగండి. అప్పువాళ్ల ఒత్తిడి గురించి అతను అడిగితేనే చెప్పండి. మీరే ఎత్తుకుంటే సాకులా వినిపిస్తుంది. “ఇంకేమైనా ఉందా?” అని తప్పకుండా అడుగుతాడు. ఉన్నదంతా అప్పుడే చెప్పేయండి. మొదటిసారి తట్టుకున్నవాళ్లు కూడా, ఆర్నెల్లకి ఇంకో ముక్క బయటపడితే తట్టుకోలేరు. “క్షమించావా?” అని మాత్రం అడక్కండి, అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

నూటికి రెండు రూపాయల లెక్కన నాలుగు నెలల వడ్డీ 48,000. స్థలం ధర అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో కనుక్కుని, మీరు ఎంత భరించగలరో తేల్చుకోండి. కానీ ఆరోజే కవరు చేతిలో పెట్టొద్దు, నోరు మూయించడానికి ఇచ్చినట్టుంటుంది. “నష్టం నేను కడతాను, ఎంతో నువ్వే చెప్పు” అనండి చాలు.

తిట్టొచ్చు, కేసు పెడతాననొచ్చు (ఒకరు నమ్మి అప్పజెప్పిన సొమ్ము వాడుకోవడం నేరమే), మాట్లాడడం మానేయొచ్చు. పెద్దమనుషుల్ని రాయబారం పంపకండి. నెల పోయాక ఒక్కసారి పలకరించి, జవాబు రాకపోతే వదిలేయండి.

ఓనరు దగ్గరికి కూడా వెళ్లాలి. మీ మాట వల్ల ఊళ్లో ఆయన పేరు ఎవరెవరి దగ్గర చెడిందో వాళ్లందరికీ మీ నోటితోనే సరిచెప్పండి.