పంటిలో దాగిన పుట్టినూరు

ప్రశ్న: తవ్వకాల్లో దొరికిన ఎముకలు చూసి, ఆ కాలంలో కోడలు అత్తారింటికి వచ్చేదా, అల్లుడు ఇల్లరికం వచ్చేవాడా అని ఎలా చెబుతారు? — ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఎముకకన్నా పన్ను నయం. మొదటి పెద్ద దవడపన్ను ఎనామిల్ (పంటిపైని గట్టి పొర) దాదాపు మూడేళ్ల వయసుకల్లా తయారైపోతుంది, ఆ తర్వాత మారదు. అప్పుడు తిన్న తిండి, తాగిన నీళ్లలోని స్ట్రాన్షియం అనే మూలకం అందులో ఉండిపోతుంది. దానిలో 87, 86 బరువున్న రెండు రకాల పరమాణువుల నిష్పత్తి అడుగునున్న రాయిని బట్టి మారుతుంది: మీ చిత్తూరు వైపు పాత గ్రానైట్‌లో ఎక్కువ, సున్నపురాతి నేలల్లో తక్కువ. పైపొర గీరేసి, లోపలి నుంచి కొన్ని మిల్లీగ్రాముల పొడి తీస్తే చాలు. దాన్ని ఆ చోటి మొక్కలు, నత్తగుల్లల కొలతతో పోలుస్తారు. ఆడవాళ్ల అంకెలే ఎక్కువగా తేడా కొడితే, కోడళ్లు బయటినుంచి వచ్చారన్నమాట.

పూడ్చాక ఎముక మట్టిలోని స్ట్రాన్షియాన్ని పీల్చుకుంటుంది, అందుకే దాన్ని అంతగా నమ్మరు. అసలు చిక్కు వేరే ఉంది. రెండూళ్లూ ఒకే రాతి మీదుంటే పక్కూరి పిల్ల కూడా ఊరి పిల్లలాగే కనిపిస్తుంది. దగ్గరి ఊళ్ల మధ్య జరిగే మన మేనరికాలు ఈ పద్ధతికి ఓ పట్టాన చిక్కవు! అక్కడ డీఎన్‌ఏ కావాలి. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఓ ఇనుపయుగపు శ్మశానంలో మూడింట రెండొంతుల మందికి పైగా ఒకే తల్లి వరుసవాళ్లని 2025లో తేలింది. బయటినుంచి వచ్చింది ఎక్కువగా మగవాళ్లే.