ఆటోపైలట్ తీసేటప్పుడు అన్నీ తీసెయ్

అమ్మాయీ,

లైన్‌లోకి, అంటే ప్రయాణికుల విమానాల మీదికి వచ్చాక విమానాన్ని చేత్తో నడిపే అవకాశమే రావడం లేదని రాశావు. దానంతటది రాదు, అడిగి తీసుకోవాలి. టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్ వేసి, రన్‌వే దగ్గరపడ్డాక తీసేస్తే నీకు మిగిలేది కొద్ది నిమిషాలు. అప్పుడు కూడా ముక్కు ఎటు తిప్పాలో తెర మీద చూపే ఫ్లైట్ డైరెక్టర్ గీతల వెంట ముక్కు జరుపుతూ కూర్చుంటే నడిపేది గీతలే, నువ్వు కాదు.

చేతులు పాఠాన్ని అంత త్వరగా మరిచిపోవు. ముందు తుప్పు పట్టేది చూపు: ఏ పరికరాన్ని ఎప్పుడు చూడాలి, మరో అర నిమిషంలో విమానం ఎక్కడ ఉంటుంది అనే లెక్క. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టాలు మంచుతో మూసుకుపోయి వేగం రీడింగులు చెడిపోయాయి, ఆటోపైలట్ తప్పుకుంది. నిమిషం లోపే రీడింగులు తిరిగొచ్చాయి. అయినా పైలట్ ముక్కు పైకెత్తేసరికి స్టాల్ అయింది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి, ఆ స్టాల్‌ను ఎవరూ గుర్తుపట్టలేదు. 228 మంది పోయారు.

అందుకే ముక్కు కోణం, ఇంజిన్ శక్తి అంకెలు నోటికి రావాలి. మీ బోయింగ్ 737 ఎన్‌జీలో వేగం రీడింగును నమ్మలేనప్పుడు ఫ్లాప్స్ (రెక్కల వెనక చాచే పలకలు) లోపల ఉంటే ముక్కు 4 డిగ్రీలు పైకి, ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ వేగం) 75 శాతం. బయట ఉంటే 10 డిగ్రీలు, 80 శాతం. ఇవి ప్రాణం కాపాడే అంకెలు. రోజువారీ అంకెలు నువ్వే పోగు చేసుకోవాలి. అప్రోచ్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు వస్తూ, ఆటోపైలట్ నడుపుతుండగానే, ఫ్లాప్స్ మార్చబోయే ముందు ‘ఇప్పుడు ఎన్1 ఎంతకు వస్తుంది, ముక్కు ఎంత దిగుతుంది’ అని మనసులో అనుకుని, తర్వాత సరిచూసుకో. ఎవరి అనుమతీ అక్కర్లేని సాధన ఇది.

ఆటోపైలట్ తీసినప్పుడు మాత్రం ఇంజిన్ శక్తిని దానంతటదే సర్దే ఆటోథ్రాటిల్ కూడా తీసెయ్. సగం యంత్రం, సగం మనిషి అనే పద్ధతే నాకు భయం. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 పైలట్లు వేగం సంగతి ఆటోథ్రాటిల్ చూసుకుంటుందనుకున్నారు. అది అప్పటికే హోల్డ్‌లో ఉంది, అంటే శక్తిని సర్దడం మానేసింది. 137 నాట్లు ఉండాల్సిన వేగం 103కి పడిపోయి విమానం కూలింది. ఆకాశం నిర్మలంగానే ఉంది, దిగే వాలును చూపే రేడియో సంకేతం, గ్లైడ్‌స్లోప్ ఒక్కటే పనిచేయడం లేదు.

రోజు చూసి మొదలుపెట్టు: తేటగా ఉన్న వాతావరణం, తక్కువ రద్దీ, అలసట లేని ఒళ్లు, కంపెనీ మాన్యువల్ అనుమతి. పక్కవాళ్లకు పని పెరుగుతుంది కాబట్టి బ్రీఫింగులోనే చెప్పు. కొందరు కెప్టెన్లు వద్దంటారు. వాదించకు, మరో రోజు మరొకరిని అడుగు. మధ్యలో చిక్కుపడితే మొహమాటపడకుండా ఆటోపైలట్ వేసెయ్.

29,000 అడుగులు దాటాక లైన్‌లో ఈ సాధన కుదరదు, అక్కడ ఎత్తు నిలపడం ఆటోపైలట్ పని. కాబట్టి సిమ్యులేటర్‌లో తనిఖీ అయ్యాక సమయం మిగిలితే క్రూజ్ ఎత్తులో చేత్తో నడపనివ్వమని ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు. పలుచని గాలిలో కంట్రోల్‌ను కొంచెం కదిపినా విమానం ఎంత తిరుగుతుందో అక్కడే తెలుస్తుంది. ఎలా జరిగిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
బాబాయి