అల్లుడూ, ఆ డిస్కులకి డబ్బులివ్వక ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పొద్దున మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, స్విఫ్ట్‌కి ఉన్న 14 అంగుళాల ఇనప డిస్కులు, అదే టైరు ఎక్కే చక్రాలు, తీసేసి హోండా సిటీవి 16 అంగుళాల అల్లాయ్‌లు, సెకండ్ హ్యాండ్‌లో చూశావట. సొంత డబ్బుతో కారు కొని ముస్తాబు చేసుకుంటున్నావంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ చక్రాల మీదేగా నువ్వు పిల్లదాన్ని వెనక సీట్లో పెట్టుకుని హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చేది. అందుకే ఈ రాత్రే రాస్తున్నాను.

నీ కారుకి నాలుగు బోల్టులు, పీసీడీ 100. అంటే ఎదురెదురు బోల్టుల నడిమి నుంచి నడిమికి 100 మి.మీ. పాత ఫియట్లకి 98 ఉంటుంది, కంటికి తేడా ఆనదు. ఒకటి రెండు నట్లు ఎక్కి మిగతావి వంకరగా పోతుంటే, "కొంచెం కొట్టి బిగిస్తాం సార్" అనేవాడి దగ్గర క్షణం కూడా ఉండకు.

సిటీకి కూడా 4 బోల్టులు, 100. కొట్టువాడు నీకు చెప్పింది అదే అయి ఉంటుంది. "బోల్టులు కలిశాయి కదా, ఇంకేం కావాలి?" అనుకోవడం చాలా పాత పొరపాటు. ఇప్పటికీ షెడ్లకి అదే వస్తూ ఉంటుంది. నిదానంగా చదువు.

మొదటిది నడిమి బెజ్జం. కారుకి డిస్కు కూర్చునే మొనని హబ్బు అంటారు. నీ హబ్బు 54.1 మి.మీ., సిటీ డిస్కు బెజ్జం 56.1. చుట్టూ ఒక్క మిల్లీమీటరు సందు. డిస్కు హబ్బు మీద బిగువుగా కూర్చోక, నట్లు ఎటు లాగితే అటు జరిగి ఆగుతుంది. 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ అనుకుని మూడుసార్లు చేయిస్తారు, మెషీన్ ప్రతిసారీ సున్నా చూపిస్తుంది. ఎందుకంటే మెషీన్ చక్రాన్ని నడిమి బెజ్జంలో కోను దూర్చి పట్టుకుంటుంది, అక్కడ అది సరిగ్గానే తిరుగుతుంది. తేడా అంతా కారు మీదే. దీనికి రింగులు దొరుకుతాయి, బయట 56.1, లోపల 54.1. కొలత రాసి ఉన్నదే తీసుకో. వేలితో తోస్తే కదలకూడదు.

రెండోది నాకు నిద్ర పట్టనివ్వనిది, నట్టు కూర్చునే చోటు. హోండా కంపెనీ డిస్కులో ఆ గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. నీ మారుతి నట్టు మూతి గరాటులా ఏటవాలుగా ఉంటుంది. గిన్నెలో గరాటు పెట్టి చూడు, సన్నటి గీతలా ఒక్క అంచే తగులుతుంది. బిగించినప్పుడు రెంచికి గట్టిగానే అనిపిస్తుంది. నడుస్తున్న కొద్దీ ఆ అంచు అల్యూమినియాన్ని తినేస్తుంది, నట్టు వదులవుతుంది. పోనీ హోండా నట్లే వేద్దామంటే వాటి మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.5 మి.మీ., నీ బోల్టు మరది 1.25. రెంచితో బలవంతంగా ఎక్కించారా, బోల్టు మర పోయినట్టే. ఆరేళ్ళప్పుడు నట్టు చేతికిస్తే వేళ్ళతోనే తిప్పేవాడివి, "మావయ్యా, ఇది రావట్లేదు" అంటూ ఆపేసేవాడివి. ఇప్పుడూ అలాగే చెయ్యి. వేళ్ళతో తిరగని నట్టుకి రెంచి తగిలించకు.

కాబట్టి ఆ సిటీ డిస్కులు వద్దు. కోప్పడుతున్నాననుకోకు.

16 అంగుళాలే ఎందుకసలు? నీ 165/80 ఆర్14 టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మి.మీ. 185/65 ఆర్15 అయితే 621.5, 195/55 ఆర్16 అయితే 621. స్పీడోమీటరు దేనికీ తప్పదు. తేడా టైరు పక్క గోడ ఎత్తులో: వరసగా 132, 120, 107 మి.మీ. గుంటలో పడ్డప్పుడు దెబ్బ కాసేది ఆ గోడే. అది తగ్గితే అంచు వంగుతుంది, టైరు పక్కన బుడగ లేస్తుంది. 15 చాలు నాన్నా, ఈ స్విఫ్ట్‌లోనే పై మోడల్‌కి కంపెనీ ఇచ్చిందీ అదే.

ఆఫ్‌సెట్ అంటే డిస్కు వెడల్పు నడిమి నుంచి అది హబ్బుకి ఆనే చోటికి ఉన్న దూరం, మి.మీ.లో. డిస్కు వెనక ఈటీ అని ఉంటుంది. నీది 5జె, అంటే 5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకో. కొత్తది 6జె, ఈటీ 35 అయితే వెడల్పు వల్ల 12.7, ఆఫ్‌సెట్ వల్ల 10, మొత్తం దాదాపు 23 మి.మీ. బయటికొస్తుంది. వెనక ముగ్గురు కూర్చుంటే టైరు ఫెండర్ అంచుకి రాసుకుంటుంది, బేరింగు మీదా భారం పెరుగుతుంది. ముందు నీ డిస్కు మీద అంకెలు రాసుకుని, దానికి దగ్గరదే వెతుకు.

సెకండ్ హ్యాండ్‌దే కొంటానంటే టైరు విప్పించి లోపలి అంచు చుట్టూ వేలు పెట్టి చూడు. వెల్డింగ్ చేసి పెయింట్ కొట్టింది కంటికి కనపడదు, వేలికి గరుగ్గా తెలుస్తుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు.

బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండగా ఎదురెదురుగా బిగించు. నట్టు బోల్టుకి కనీసం 12 మి.మీ. పట్టాలి, నీ మరకి దాదాపు 10 చుట్లు. ఆఖరి బిగింపు టార్క్ రెంచితో, కారు పుస్తకంలో ఉన్న అంకెకే. నట్లు బిగించే గన్ను పెట్టనివ్వకు. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడు. స్టెప్నీ ఇనపదే ఉంటుంది కాబట్టి పాత నట్లు డిక్కీలో ఉంచు.

కొత్తవి చూశాక డిస్కు వెనక అంకెలు, నట్టు గుంట కనపడేలా ఫోటోలు తీసి పంపు. నేను ఫోన్ చేసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. రాత్రి పన్నెండైనా ఫర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య